ఆ డ్రమ్ము ఏ చట్టం కిందికొస్తుంది? ప్రమాదకర పదార్థాల పరీక్షపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి మాకందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో సీహెచ్‌ఎంఎం, అంటే ‘సర్టిఫైడ్ హజార్డస్ మెటీరియల్స్ మేనేజర్’ పరీక్షకు చదువుతున్నవాళ్లవే. అందుకే శీర్షికంతా దానికే కేటాయించాం. ఇక్కడ చెప్పిన అంకెలన్నీ అక్కడి ఫెడరల్ నిబంధనలవి. మీరు పనిచేసే రాష్ట్రంలో ఇంతకంటే కఠినమైనవి ఉంటే ఉద్యోగంలో వాటినే పాటించండి, పరీక్షలో మాత్రం ఫెడరల్ లెక్కే రాయండి.

ప్రశ్న: పెయింట్ల ఫ్యాక్టరీలో వ్యర్థాల విభాగం చూస్తున్నాను. డిగ్రీ, నాలుగేళ్ల అనుభవం రెండూ ఉన్నాయి. పరీక్షకు పన్నెండు వారాలుంది. పుస్తకాలు తెచ్చుకున్నాను కానీ ఏ కొసన మొదలెట్టాలో తెలియడం లేదు. నిబంధనల సంపుటాలు చూస్తేనే గుండె జారిపోతోంది.

జవాబు: ముందు పుస్తకాలు మూసేయండి. పరీక్ష నిర్వహించే ఐహెచ్‌ఎంఎం సంస్థ తన హ్యాండ్‌బుక్‌తో పాటు ‘బ్లూప్రింట్’ ఇస్తుంది. ఏ అంశం నుంచి ఎంత శాతం ప్రశ్నలో అందులో ఉంటుంది. దాన్ని ప్రింటు తీసుకుని ప్రతి పంక్తి పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: రోజూ చేసే పని, విన్నాను కానీ చేయలేదు, అసలు తెలియదు. మీలాంటివారికి వ్యర్థాల భాగమంతా మొదటి గుర్తులో పడుతుంది. రవాణా, రేడియేషన్, భూగర్భ జలాలు, పారిశ్రామిక ఆరోగ్యం మూడోదాంట్లో పడతాయి. చాలామంది చేసే పొరపాటు, వచ్చిన అధ్యాయాన్నే మళ్లీ మళ్లీ చదవడం. చదువుతుంటే హాయిగా ఉంటుంది మరి. వారానికి ఎనిమిది గంటల చొప్పున మీకు 96 గంటలున్నాయి. అందులో సగం మూడో గుర్తు ఉన్నవాటికే పోవాలి.

రెండో పని, నిర్వచనాలు. ఈ పరీక్షలో తప్పులు సగం ఇక్కడే పుడతాయి. ఒక్క టొల్యూన్ డ్రమ్ము తీసుకోండి, 55 గ్యాలన్లది. నీరు గ్యాలనుకు 8.34 పౌండ్లు. టొల్యూన్ సాపేక్ష సాంద్రత 0.87. గుణిస్తే డ్రమ్ములో సరుకు సుమారు 400 పౌండ్లు, అంటే 181 కిలోలు. ఇప్పుడు ఆ డ్రమ్మును ఒక్కో శాఖ కళ్లతో చూడండి.

కార్మికుల భద్రత చూసే ఓషాకు అది ‘హజార్డస్ కెమికల్’: లేబుల్ ఉందా, సేఫ్టీ డేటా షీట్ ఉందా, మనుషులకు శిక్షణ ఇచ్చారా అని అడుగుతుంది. లారీ ఎక్కిస్తే రవాణా శాఖకు ‘హజార్డస్ మెటీరియల్’: యూఎన్1294, 3వ తరగతి, ప్యాకింగ్ గ్రూప్ 2. నేల మీద ఒలికితే, ఇలాంటి విడుదలల సంగతి చూసే సెర్‌క్లా చట్టానికి ‘హజార్డస్ సబ్‌స్టెన్స్’: ఫిర్యాదు పరిమాణం (ఇంత ఒలికితే ప్రభుత్వానికి చెప్పాల్సిన హద్దు) 1000 పౌండ్లు, కాబట్టి డ్రమ్ము మొత్తం ఒలికినా ఆ హద్దు దాటదు. యంత్రాలు కడగడానికి వాడి పారేస్తే వ్యర్థాల చట్టం ఆర్‌సీఆర్‌ఏకు ‘హజార్డస్ వేస్ట్’, కోడ్ ఎఫ్005. వాడకుండానే పారేస్తే అదే చట్టం కింద కోడ్ మారిపోతుంది, యూ220. ఇక ఆవరణలో ఏ రసాయనాలున్నాయో బయటికి తెలియజెప్పాలనే ఎప్‌క్రా చట్టం కింద ఏటా మార్చి 1లోపు ఇచ్చే టియర్ టూ జాబితాలోకి రావాలంటే మీ ఆవరణలో ఒకేసారి 10,000 పౌండ్లు ఉండాలి. ‘ఎక్స్‌ట్రీమ్లీ హజార్డస్ సబ్‌స్టెన్స్’ జాబితాలో టొల్యూన్ లేదు. ఉండుంటే ఆ హద్దు 500 పౌండ్లకో, ఆ పదార్థానికి పెట్టిన ప్రణాళికా పరిమాణానికో, ఏది తక్కువైతే దానికి దిగేది.

డ్రమ్ము ఒక్కటే, పేర్లు నాలుగు. ప్రశ్న కనబడగానే జవాబుల మీదకు దూకకుండా ‘ఇది ఎవరి మాట?’ అని అడగండి. ‘సబ్‌స్టెన్స్’ అని ఉంటే సెర్‌క్లా, ‘మెటీరియల్’ అంటే రవాణా, ‘వేస్ట్’ అంటే ఆర్‌సీఆర్‌ఏ. ఆ ఒక్క పదమే నాలుగు జవాబుల్లో రెండింటిని కొట్టేస్తుంది. ఇలా మీ ఫ్యాక్టరీలోనే ఉన్న ఓ పది రసాయనాలకు పట్టిక రాసుకోండి. కంఠస్థం పట్టిన వంద పుటల కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: 90, 180, 270 రోజులు, 100, 1000, 6000 కిలోలు. రాత్రి చదివినవి పొద్దునకి కలిసిపోతున్నాయి.

జవాబు: అంకెల్ని విడిగా కాక, అవి దేన్ని కొలుస్తున్నాయో దానితో జతచేసి పట్టుకోండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు కొలతలు: నెలలో పుట్టిన వ్యర్థం, ఆవరణలో పోగైన వ్యర్థం.

నెలకు పుట్టేదాన్ని బట్టి మీ స్థాయి తేలుతుంది. 100 కిలోలు, అంతకు లోపు అయితే అతి చిన్న జనరేటరు (వ్యర్థం పుట్టించే సంస్థను ఇక్కడ జనరేటరు అంటారు). 100 దాటి 1000 లోపు చిన్న జనరేటరు. సరిగ్గా 1000 నుంచీ పెద్ద జనరేటరు. ‘సరిగ్గా 100’ చిన్న గడిలోకి రాదు, ‘సరిగ్గా 1000’ మాత్రం పెద్ద గడిలోకి వెళ్తుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ అంచులంటే మహా ఇష్టం. పైన చెప్పిన టొల్యూన్ డ్రమ్ము ఒక్కటి నెలలో వ్యర్థమైతే 181 కిలోలు, అతి చిన్న స్థాయి అప్పుడే పోయింది. పీ జాబితాలోని తీవ్ర విషపదార్థాలకు ఈ మెట్లేమీ లేవు: నెలకు 1 కిలో దాటితే నేరుగా పెద్ద జనరేటరే.

స్థాయి తేలాక గడువు. పెద్దవాడికి 90 రోజులు. చిన్నవాడికి 180, వ్యర్థాన్ని తీసుకెళ్లాల్సిన కేంద్రం 200 మైళ్లు, అంతకు మించిన దూరంలో ఉంటే 270. కానీ చిన్నవాడి ఆవరణలో పోగైనది ఎప్పుడూ 6000 కిలోలు దాటకూడదు. పెద్దవాడికి పోగు పరిమితి లేదు, గడువే పరిమితి. ఎక్కువ పుట్టించేవాడికి తక్కువ రోజులు, తక్కువ పుట్టించేవాడికి ఎక్కువ రోజులు. లారీ నిండాలంటే చిన్నవాడికి టైము పడుతుంది కదా, ఆ కారణం గుర్తుంటే అంకె తారుమారు కాదు.

గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది మరో ఉచ్చు. కేంద్ర నిల్వ స్థలంలో పెట్టిన డ్రమ్ములో మొదటి చుక్క పడ్డ రోజే మొదటి రోజు. వ్యర్థం పుట్టే యంత్రం పక్కనే ఉంచే శాటిలైట్ స్థలంలో అలా కాదు. అక్కడ 55 గ్యాలన్ల వరకు రోజుల లెక్కే లేదు. తీవ్ర విష ద్రవమైతే ఆ పరిమితి 1 క్వార్టు. పరిమితి దాటిన రోజు డ్రమ్ము మీద తేదీ వేసి, వరసగా మూడు క్యాలెండరు రోజుల్లో మిగులును తరలించాలి. ‘మూడు పనిదినాలు’ అని జవాబుల్లో కనిపిస్తే అది మీకోసం వేసిన ఎర.

ప్రశ్న: ఇసుకతో పాత పెయింటు గీకిన తుక్కులో సీసం కిలోకు 80 మిల్లీగ్రాములు వచ్చింది. హద్దు లీటరుకు 5 మిల్లీగ్రాములు. 80 అంటే ఎంతో ఎక్కువ కదా, ప్రమాదకర వ్యర్థమేనా? ఇలాంటి ప్రశ్నే మాక్ టెస్టులో తప్పాను.

జవాబు: తప్పడానికి కారణం మీరు రెండు వేర్వేరు కొలమానాలను పక్కపక్కన పెట్టి పోల్చడం. కిలోకు 80 అన్నది తుక్కులో ఉన్న మొత్తం సీసం. లీటరుకు 5 అన్నది టీసీఎల్‌పీ పరీక్షలో ద్రవంలోకి ఊరి వచ్చిన సీసం. ఆ పరీక్షలో ఒక వంతు వ్యర్థానికి ఇరవై వంతుల ద్రావణం పోసి 18 గంటల పాటు, రెండు గంటలు అటూ ఇటూగా, గిరగిరా తిప్పుతారు. కాబట్టి ఉన్న సీసమంతా కరిగిపోయినా ద్రవంలో వచ్చేది మొత్తంలో ఇరవయ్యో వంతే. 80ని 20తో భాగిస్తే 4. అది 5 కంటే తక్కువ, కాబట్టి డీ008 (సీసం వల్ల ప్రమాదకరమైన వ్యర్థం కోడ్) తగిలే అవకాశమే లేదు, టీసీఎల్‌పీ చేయించనక్కర్లేదు.

ఇక్కడ తిరగేసి వాదించకండి. మొత్తం సీసం 2000 వచ్చిందనుకోండి, భాగిస్తే 100. దానర్థం వ్యర్థం ప్రమాదకరమని కాదు, ప్రమాదకరం కావచ్చని. అప్పుడు టీసీఎల్‌పీ చేయించాలి. సీసం పట్టుకుని కరగకుండా కూర్చుంటే 2000 ఉన్నా పాసవ్వచ్చు. ఇరవై సూత్రం ‘కాదు’ అని తేల్చగలదు, ‘అవును’ అని తేల్చలేదు. అలాగే ఇది ఘనపదార్థాలకే. వ్యర్థంలో ద్రవం కలిసి ఉంటే లెక్క మారుతుంది.

వ్యర్థాన్ని తేల్చే వరస కూడా రాసి పెట్టుకోండి: అసలు ఇది చట్టం ప్రకారం ‘సాలిడ్ వేస్ట్’ అవుతుందా (ద్రవమైనా, పాత్రలో బంధించిన వాయువైనా ఆ పేరే), మినహాయింపు ఉందా, జాబితాలో ఉందా, లక్షణం ఉందా. లక్షణాల్లో తరచూ తప్పేవి రెండు. ద్రవం ఫ్లాష్ పాయింట్ 60 డిగ్రీల సెల్సియస్‌ కంటే తక్కువుంటే డీ001 (మండే వ్యర్థం), సరిగ్గా 60 అయితే కాదు. పీహెచ్ మాత్రం 2, అంతకు తక్కువ అయినా, 12.5, అంతకు ఎక్కువ అయినా డీ002 (తినివేసే వ్యర్థం). పైగా ఆ పీహెచ్ లెక్క నీళ్లున్న వ్యర్థాలకే. కాస్టిక్ సోడా పలుకులు చెయ్యి కాల్చేస్తాయి కానీ, పొడిగా ఉన్నంతసేపు ఫెడరల్ లెక్కలో డీ002 కావు.

ప్రశ్న: లెక్కలంటే భయం. ఏవి వదిలేయొచ్చు?

జవాబు: వదిలేయడం కాదు కానీ, నాలుగైదు రకాలే తిరిగి తిరిగి వస్తాయి. అన్నిటికీ మళ్లీ టొల్యూనునే వాడుకుందాం, అంకెలు ఒకదాన్నొకటి గుర్తుచేస్తాయి.

పీపీఎంని (పదిలక్షల్లో ఎన్నో వంతు) ఘనమీటరుకు మిల్లీగ్రాముల్లోకి మార్చాలంటే అణుభారంతో గుణించి 24.45తో భాగించాలి. టొల్యూన్ అణుభారం 92.14, కాబట్టి 100 పీపీఎం అంటే 377 మిల్లీగ్రాములు. ఆ 24.45 అన్నది 25 డిగ్రీల దగ్గర ఒక మోల్ వాయువు ఆక్రమించే లీటర్లు. ఇది గాలికే వర్తిస్తుంది. నీళ్లలో పీపీఎం అంటే నేరుగా లీటరుకు మిల్లీగ్రాములే. నీళ్ల ప్రశ్నలో 24.45 దూర్చేవాళ్లు చాలామంది.

ఆవిరి గాలికంటే బరువా తేలికా అంటే అణుభారాన్ని 29తో భాగించండి. టొల్యూనుకు 3.2 వస్తుంది. అందుకే ఆవిరి నేలబారున పారి గోతుల్లో, డ్రైనేజీల్లో చేరుతుంది. మీటరు గొట్టాన్ని ఛాతీ ఎత్తున పట్టుకుంటే ఏమీ లేనట్టు చూపించేది ఇందుకే.

డ్రమ్ము మూత దగ్గర గాలిలో ఆవిరి ఎంత నిండగలదు? ఆవిరి పీడనాన్ని 760తో భాగించి పదిలక్షలతో గుణించండి. 20 డిగ్రీల దగ్గర టొల్యూన్ ఆవిరి పీడనం సుమారు 21 మిల్లీమీటర్లు, అంటే 27,600 పీపీఎం, శాతంలో 2.76. మంట అంటుకునే కనిష్ఠ హద్దు, అదే ఎల్‌ఈఎల్, 1.1 శాతం. అంటే మామూలు గది వేడిలోనే డ్రమ్ము మూతి దగ్గర నిప్పు రవ్వ చాలు. ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలన్న అంకె కూడా చెప్పేది అదే.

ఇప్పుడు అసలు చిక్కుముడి. గ్యాస్ మీటరు 10 శాతం ఎల్‌ఈఎల్ చూపించింది. పేలుడు వరకూ సురక్షితం. మనిషికి? 1.1 శాతం అంటే 11,000 పీపీఎం, అందులో పదో వంతు 1100 పీపీఎం. టొల్యూనుకు ప్రాణాపాయ స్థాయి, ఐడీఎల్‌హెచ్, 500 పీపీఎం. మీటరు అలారం మోగేలోపే మనిషి ప్రాణాపాయ స్థాయికి రెండింతల గాలిలో నిలబడి ఉన్నాడు! పైగా మీటరును మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేసి ఉంటే టొల్యూనును ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది. ఆక్సిజన్ తక్కువగా ఉంటే మంట కొలిచే సెన్సారే సరిగా పనిచేయదు. అందుకే కొలిచే వరస ముందు ఆక్సిజన్, తర్వాత మంట, తర్వాత విషం. ఈ వరస మీద ఒక్క ప్రశ్నయినా వస్తుందనుకునే చదవండి.

ఎనిమిది గంటల సగటు తేలికే: 4 గంటలు 150 పీపీఎం, 3 గంటలు 220, 1 గంట 40 అయితే 600, 660, 40 కలిపి 1300. ఎనిమిదితో భాగిస్తే 162.5. ఓషా హద్దు 200కి లోపే. మనిషి ఆరు గంటలే పనిచేసినా భాగించేది ఎనిమిదితోనే, మిగిలిన రెండు గంటలు సున్నాలు. రెండు రసాయనాలు ఒకే అవయవం మీద పనిచేస్తే ఒక్కోదాన్ని దాని హద్దుతో భాగించి కలపాలి. టొల్యూన్ 100, జైలీన్ 60 ఉన్నాయనుకోండి. 200 హద్దుకు 0.5, 100 హద్దుకు 0.6, మొత్తం 1.1. విడివిడిగా రెండూ లోపలే ఉన్నాయి, కలిపితే హద్దు దాటాయి.

ప్రశ్న: ప్రమాద స్థాయి అంకెల్లో 4 అంటే ఎక్కువ ప్రమాదమా, తక్కువా? ఒక పుస్తకంలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంది.

జవాబు: రెండూ ఒప్పే. నాలుగు రంగుల వజ్రం గుర్తు, ఎన్‌ఎఫ్‌పీఏ 704లో 4 అన్నిటికంటే ప్రమాదం. సేఫ్టీ డేటా షీటులోని జీహెచ్‌ఎస్ (రసాయనాల అంతర్జాతీయ వర్గీకరణ) కేటగిరీల్లో 1 అన్నిటికంటే ప్రమాదం. రవాణాలో ప్యాకింగ్ గ్రూప్ కూడా 1 అంటేనే ఎక్కువ.

ప్రశ్న: లారీ కాగితాల మీద వివరాలు ఏ వరసలో రాయాలి, ప్లకార్డు (లారీకి తగిలించే ప్రమాద సూచిక పలక) ఎప్పుడు పెట్టాలి అనేవి ఎంత లోతుగా చదవాలి?

జవాబు: వరస నోటికి రావాలి: గుర్తింపు సంఖ్య, రవాణా పేరు, ప్రమాద తరగతి, ప్యాకింగ్ గ్రూప్. యూఎన్1090, ఎసిటోన్, 3, 2 అన్నట్టు. అసలు కాగితాల్లో గ్రూప్ రోమన్ అంకెల్లో ఉంటుంది. తరగతి పేరుకన్నా ముందుంటే ఆ జవాబు తప్పు.

ప్లకార్డులకు రెండు పట్టికలు. మొదటి పట్టికలోవి ఎంత కొంచెం ఉన్నా ప్లకార్డు తప్పదు: పెద్ద పేలుడు పదార్థాలు, 2.3 విషవాయువులు, నీళ్లు తగిలితే ప్రమాదమైన 4.3 వంటివి. రెండో పట్టికలోవి చిన్న ప్యాకేజీల్లో ఉంటే 1001 పౌండ్ల నుంచి. ఆ బరువు సరుకుది మాత్రమే కాదు, డ్రమ్ముతో కలిపి. టొల్యూన్ డ్రమ్ము సరుకు 400 పౌండ్లు, ఖాళీ ఉక్కు డ్రమ్ము ఓ నలభై. రెండు డ్రమ్ములకు 880, ప్లకార్డు అక్కర్లేదు. మూడోది ఎక్కితే కావాలి. సరుకు బరువుతోనే లెక్కించినా మూడు డ్రమ్ములకు 1200 వస్తుంది కాబట్టి ఇక్కడ ఇబ్బంది రాలేదు. అంచు దగ్గర అంకెలిచ్చినప్పుడు డ్రమ్ము బరువే జవాబును మారుస్తుంది. రవాణా శిక్షణ మూడేళ్లకోసారి, కొత్తగా చేరినవాళ్లకు 90 రోజుల్లోపు. ఆ 90కీ, వ్యర్థాల 90కీ సంబంధం లేదు.

ప్రశ్న: ఒలికినప్పుడు ‘24 గంటల్లో’ చెప్పాలని చదివాను. మాక్ టెస్టులో అది తప్పని చూపించింది.

జవాబు: మాక్ టెస్టే ఒప్పు. 24 గంటలన్నది పరిమాణాన్ని కూడేందుకు పెట్టిన గడువు: ఏ 24 గంటల్లోనైనా ఒలికింది కలిపి ఫిర్యాదు పరిమాణానికి చేరితే, తెలిసిన వెంటనే నేషనల్ రెస్పాన్స్ సెంటరుకు ఫోన్ చేయాలి. ‘వెంటనే’ అంటే వెంటనే, రేపటిదాకా ఆగడం కాదు.

మిశ్రమాలైతే లోపలున్న పదార్థం బరువు చూడాలి. 300 పౌండ్ల ద్రావణంలో బెంజీన్ 5 శాతం ఉంటే 15 పౌండ్లు. బెంజీన్ హద్దు 10, కాబట్టి ఫోన్ చేయాలి. శాతం తెలియకపోతే మొత్తం మిశ్రమాన్ని, అందులో ఉన్నవాటిలో అతి తక్కువ హద్దున్న పదార్థంతో పోల్చాలి. ఇక ‘బంకులో పెట్రోలు ఒలికింది, అందులో బెంజీన్ ఉంది’ అని అడిగితే తొందరపడకండి. సెర్‌క్లాలో పెట్రోలియానికి మినహాయింపు ఉంది. అది కాలువలోకి చేరి నీటిమీద రంగుల పొర కట్టిందంటే మాత్రం క్లీన్ వాటర్ చట్టం కింద ఫిర్యాదు చేయాల్సిందే. అదే ఫోన్ నంబరు, వేరే చట్టం.

ప్రశ్న: ఏ, బీ, సీ, డీ రక్షణ దుస్తుల్లో ‘ఏమున్నదో తెలియని చోటికి’ ఏది వేసుకోవాలి? మా బ్యాచ్‌లో అందరూ ఏ అంటున్నారు.

జవాబు: ప్రాథమిక పరిశీలనలో సరైన సమాచారం దొరకనప్పుడు కనీసం లెవెల్ బీకి సమానమైన రక్షణ ఉండాలని ఓషా వారి హాజ్‌వోపర్ (ప్రమాదకర వ్యర్థాల దగ్గర పని) నిబంధన అంటుంది. ‘కనీసం’ అన్న మాట ప్రశ్నలో ఉంటే బీ. చర్మం ద్వారా ప్రాణాపాయం ఉందని ఆధారం చూపిస్తే ఏ. రెండింటిలో శ్వాస రక్షణ ఒక్కటే, చర్మానికి ఇచ్చే కాపుదల వేరు. సీలో వాడేది వడపోత మాస్కు కాబట్టి ఏముందో తెలియాలి, ఎంతుందో తెలియాలి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు.

మాస్కుల లెక్కలో ఒక ఉచ్చు. హాఫ్ మాస్కుకు రక్షణ గుణకం 10. టొల్యూన్ హద్దు 200ని 10తో గుణిస్తే 2000 పీపీఎం దాకా వాడొచ్చని లెక్క తేలుతుంది. కానీ 500 దాటితే ప్రాణాపాయ స్థాయి, అక్కడ వడపోత మాస్కే పనికిరాదు. గుణకారం చేశాక ఐడీఎల్‌హెచ్‌తో పోల్చి, రెండింటిలో తక్కువది తీసుకోవాలి.

ప్రశ్న: ఆమ్లాన్ని తటస్థం చేసే లెక్కలో ‘సోడా సగం పోస్తే పీహెచ్ ఎంత?’ అని అడిగారు. 1కీ 7కీ మధ్య కాబట్టి 4 అని రాశాను.

జవాబు: పీహెచ్ ఒక్క అంకె కదిలిందంటే గాఢత పదింతలు మారినట్టు. వెయ్యి లీటర్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 1 దగ్గర ఉందనుకోండి. లీటరుకు 0.1 మోల్, మొత్తం 100 మోల్‌లు. కాస్టిక్ సోడా మోల్‌కు 40 గ్రాములు, కావలసింది 4 కిలోలు. రెండు కిలోలు పోశాక మిగిలింది లీటరుకు 0.05 మోల్, పీహెచ్ 1.3 మాత్రమే. 3.6 కిలోలు పోస్తే అప్పటికి 2కి చేరుతుంది. మిగిలిన 400 గ్రాములతో ఒక్కసారిగా 7. ఇంకో 400 గ్రాములు జారితే 12, సుమారు 1.3 కిలోలు ఎక్కువైతే 12.5 దాటి మళ్లీ డీ002లోనే పడతారు, ఈసారి క్షారం వైపు నుంచి. ప్లాంటులో చివర్లో డోసు తగ్గించి, కలియబెట్టి, ఆగి కొలిచేది ఇందుకే. ఇది బలమైన ఆమ్లం లెక్క. ఎసిటిక్ ఆమ్లం లాంటి బలహీనమైనదైతే పీహెచ్ చూసి సోడా లెక్క కట్టకూడదు. విడిపోకుండా దాగి ఉన్న ఆమ్లం చాలా ఉంటుంది, టైట్రేషన్ చేయాల్సిందే.

తటస్థం చేయబోయే ద్రవంలో సయనైడు ఉంటే ఆమ్లం చుక్క కూడా తగలనివ్వకూడదు, హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. సల్ఫైడుతో హైడ్రోజన్ సల్ఫైడ్. బ్లీచింగ్ ద్రావణానికి ఆమ్లం తగిలితే క్లోరిన్, అమ్మోనియా తగిలితే క్లోరమీన్. అల్యూమినియం పాత్రలో కాస్టిక్ పోస్తే హైడ్రోజన్. ఈ ఐదూ నోటికి రావాలి. నత్రికామ్లాన్ని ఏ సేంద్రియ పదార్థంతోనూ కలపకూడదన్నది ఆరోది. బిగించిన డ్రమ్ములో దానితో పీడనం పెరిగి పగలొచ్చు.

ప్రశ్న: ఆన్‌లైన్ మాక్ టెస్టుల్లో 85 శాతం వచ్చేది. అసలు పరీక్ష తప్పాను. ఎక్కడ పొరపాటు?

జవాబు: అవే ప్రశ్నలు నాలుగుసార్లు చేస్తే గుర్తుండేది విషయం కాదు, జవాబు ఉన్న చోటు. మొదటిసారి చేసినప్పుడు వచ్చిన మార్కే మీ అసలు మార్కు. ఈసారి తప్పిన ప్రతి ప్రశ్నకూ ఒక్క వాక్యం రాయండి, ఎందుకు తప్పిందని: నిర్వచనం కలిసిపోయిందా, ప్రమాణం మారిందా (పౌండ్లు, కిలోలు), అంచు అంకె దగ్గర జారారా, ‘తప్ప’, ‘మొదట’, ‘కనీసం’ లాంటి మాట చూడలేదా, లేక నిజంగానే తెలియదా. వంద తప్పులు రాశాక వాటిని కుప్పలుగా పేర్చండి. ‘నిజంగా తెలియదు’ కుప్ప మీరనుకున్నంత పెద్దగా ఉండదని మా అంచనా. ఒప్పు జవాబులకు కూడా ఒక పని ఉంది: మిగిలిన మూడూ ఎందుకు తప్పో చెప్పలేకపోతే ఆ మార్కును లెక్కలోంచి తీసేయండి.

ఇంకొకటి. అనుభవం ఉన్నవాళ్లు ‘మా ప్లాంటులో ఇలా చేస్తాం’ అని రాస్తారు. ప్లాంటు నియమం నిబంధన కంటే కఠినంగా ఉండటం మామూలే. ప్లాంటులో 75 రోజులకే లారీ పిలుస్తారని పరీక్షలో 75 రాస్తే ఎలా?

ప్రశ్న: డ్రమ్ముల కింద తొట్టి ఎంత పెద్దది ఉండాలి? మా దగ్గర 55 గ్యాలన్ల డ్రమ్ములు ఇరవై, 275 గ్యాలన్ల టోట్ (పెద్ద రవాణా తొట్టె) ఒకటి ఉన్నాయి.

జవాబు: మొత్తం పరిమాణంలో పదో వంతు, లేదా అన్నిటికంటే పెద్ద పాత్ర, ఏది ఎక్కువైతే అది. డ్రమ్ములు 1100, టోట్ 275, కలిపి 1375. పదో వంతు 137.5 గ్యాలన్లు. పెద్ద పాత్ర 275. కాబట్టి తొట్టి 275 గ్యాలన్లు పట్టాలి. టోట్ లేకపోతే 110 చాలేది. తొట్టిలోకి బయటి వాననీరు పారి వచ్చేలా ఉంటే ఆ నీటికి కూడా చోటు కలపాలి, లేదా రాకుండా గట్టు కట్టాలి.